పికప్ ఉన్న మనిషి

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ నీడలో, చేతిలో రెండు సంచులతో క్యాబ్ కోసం నిలబడ్డాను. డ్రైవర్ ఫోన్ చేసి, "మేడమ్, పికప్ ఎక్కడండీ?" అన్నాడు. "పోయిన శ్రావణంలో పోయారు బాబూ" అని నోటిదాకా వచ్చింది. మాట ఆపుకున్నాను గానీ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవతల ఆ అబ్బాయి "హలో, హలో, వినపడతందా మేడమ్?" అని అరిచి అరిచి, చివరికి రైడ్ క్యాన్సిల్ చేసుకుని వెళ్ళిపోయాడు. అతని తప్పేం లేదు. ఆ మాట మా ఇంట్లో ఒక మనిషి సొంత ఆస్తి అని అతనికెలా తెలుస్తుంది!

ఆ మనిషి మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి. బందరు వైపు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి విజయవాడ కృష్ణలంకలో స్థిరపడ్డ చేపల వ్యాపారి. కొల్లేరు చెరువుల దగ్గరికి వ్యాన్ వేసుకుని వెళ్ళి, పట్టిన చేపల్ని ఐసు పెట్టెల్లో నింపుకుని వచ్చి మార్కెట్లో దించేవారు. ఆ రకం వ్యాన్‌ని అందరూ పికప్ అంటారు, ఆయనా అలాగే అనేవారు. అక్కడితో ఆగితే గొడవే లేదు. ఎక్సలేటర్ తొక్కగానే ఇంజన్ ఎంత చురుగ్గా అందుకుంటుందో దాన్ని కూడా మెకానిక్కులు పికప్ అంటారు కదా, మామయ్య ఆ మాటని బండిలోంచి దింపి ఇంట్లోకి తెచ్చేశారు.

వాన జోరందుకుంటే "పికప్ అయింది". సినిమా చూసొస్తే "ఇంటర్వెల్ దాకా ఈడ్చాడు, తర్వాత పికప్ అయింది". చేపల పులుసు వండిన పూటే తినేసేవాళ్ళంటే ఆయనకి జాలి. "పులుసనేది తెల్లారితే గానీ పికప్ అవ్వదమ్మా" అని, పొద్దున్నే చద్దన్నంలో నిన్నటి పులుసు పోసుకుని కళ్ళు మూసుకుని తినేవారు. మా పాప లెక్కల్లో సున్నాకి దగ్గరగా తెచ్చిందని నేను కేకలేస్తుంటే, "టెన్త్‌లో పికప్ అయిద్దిలే, వదిలెయ్" అని వెనకేసుకొచ్చేవారు. పాప అప్పుడు మూడో తరగతి.

ఆ మాట అన్నప్పుడల్లా ఆయన కుడి మణికట్టు స్కూటర్ హ్యాండిల్ తిప్పినట్టు ఒక మెలిక తిరిగేది. పెళ్ళిళ్ళలో ఆయన మాట వినపడనంత దూరంలో ఉన్నా, ఆ మెలిక చూసి ఎవరి గురించో తీర్పు చెబుతున్నారని తెలిసిపోయేది. మెలిక తిప్పకుండా అరచెయ్యి వెల్లకిలా పెట్టారంటే, ఆ మనిషి ఇక ఎందుకూ పనికిరాడని లెక్క.

నేను స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఒక ఆదివారం నేను పిల్లల కాగితాలు దిద్దుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు.

"అమ్మాయ్, అసలు పికప్ అంటే ఇంగ్లీషులో ఏంటి?"

"ఎత్తడం మామయ్యా. కింద పడినదాన్ని తియ్యడం. ఎవరినైనా వెళ్ళి ఎక్కించుకు రావడం కూడా."

"ఇంకా?"

"కోలుకోవడం, పుంజుకోవడం, దేన్నయినా చూసి పట్టేయడం..."

"పులుసుకి?"

"పులుసుకి వాడరు మామయ్యా."

ఆయన జాలిగా తలూపారు. "పాపం, వాళ్ళు పులుసు పెట్టుకోరుగా" అని లేచి వెళ్ళిపోయారు.

నా విషయంలో ఆ మాట మొదటిసారి పేలింది నా పెళ్ళిచూపుల్లో. మాది నాగాయలంక. మా నాన్నకి అక్కడ వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు ఉండేది. ముందు గదిలో పెళ్ళికొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన అత్తయ్య, ఎదురుగా మా నాన్న, మూల మంచం మీద మా నాయనమ్మ. నేను తలుపు వెనక. కాఫీలయ్యాక మామయ్య గొంతు సవరించుకున్నారు.

"బావగారూ, చుట్టరికం కలుపుకునేటప్పుడు దాపరికం ఉండకూడదు. మావాడికి మైలేజీ ఉందండీ. పికప్ మాత్రం లేదు."

మా నాయనమ్మకి చెవుడు, అయినా ఇలాంటివి మాత్రం చక్కగా వినపడతాయి. "ఏంటీ, ఏం లేదంటన్నాడు?" అని వీధిలోకి వినపడేలా అడిగింది. వంటింట్లో మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా నాన్న లేచి, మామయ్యని భుజం పట్టుకుని మెల్లిగా వరండాలోకి తీసుకెళ్ళాడు. వరండా నా తలుపుకి ఆనుకునే ఉంది.

"డాక్టరుకి చూపించారా బావగారూ?"

"డాక్టరెందుకండీ? చిన్నప్పట్నుంచీ అంతే. పెళ్ళయితే అదే వచ్చిద్ది."

"రాకపోతే మా పిల్ల గతేం కావాలండీ?"

"మీ పిల్ల హుషారుగా ఉందిగా. తోసి స్టార్ట్ చేసుకుంటది."

ఇక అత్తయ్య ఆగలేకపోయింది. లోపల్నుంచి వరండాలోకి ఒక్క ఉరుకున వచ్చింది. "ఓరి నీ నోట్లో మట్టి కొట్ట! సంబంధం కలపడానికి వచ్చావా, చెడగొట్టడానికి వచ్చావా? అన్నయ్యగారూ, వాడు మాట్లాడ్డం నిదానమండీ, అంతే. పిల్లాడు నిక్షేపంలా ఉన్నాడు. ఈయన భాష ఈయన చేపలకి తప్ప ఎవరికీ అర్థం కాదు. ఇంట్లో చెప్పి చెప్పి తీసుకొచ్చాను, నోరు తెరవకు నోరు తెరవకు అని!"

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులన్నీ సద్దుమణిగాక పెళ్ళికొడుకు తలెత్తి, "కాఫీ బాగుందండీ" అన్నాడు. కప్పులు తీసేసి అప్పటికి చాలాసేపైంది. మామయ్య మా నాన్న వైపు చూసి, నేను ముందే చెప్పలేదా అన్నట్టు రెండు చేతులూ చాపారు. ఈ ఇంటికి వెళితే ఏం ఉన్నా లేకపోయినా నవ్వుకి లోటుండదని నేను ఒప్పేసుకున్నాను. మా పుట్టింట్లో మా ఆయన్ని ఇప్పటికీ మైలేజీ అల్లుడనే అంటారు. ఆయన కూడా నవ్వుతాడు, కాస్త ఆలస్యంగా.

మామయ్య గురించి చెబుతూ అత్తయ్య తిట్ల గురించి చెప్పకపోతే సగం మనిషినే చూపించినట్టు. పెళ్ళయిన కొత్తలో మార్కెట్లో బేరాలాడి గట్టిపడిన గొంతు ఆవిడది. ఆ గొంతు మొత్తం ఆయన ఒక్కడి మీదే ఖర్చు పెట్టేది. తిట్టుకి ఒక వరస ఉండేది. ముందు ఆయన తెలివి, తర్వాత ఆయన చెల్లెళ్ళు, తర్వాత ఆయన వ్యాను, చివర్లో "రా, తిని తగలడు". ఆ చివరి మాట వినపడేదాకా ఆయన గుమ్మంలోనే స్తంభానికి ఆనుకుని, రేడియోలో వార్తలు వింటున్నట్టు నిలబడేవారు. అది వినపడగానే కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చునేవారు. కొత్తలో నేను ఏడ్చాను కూడా, ఇదేం కాపురం అని. ఒకసారి అత్తయ్య పుట్టింటికి వెళ్ళినప్పుడు నేను మర్యాదగా "రండి మామయ్యా, భోంచేద్దురు గాని" అంటే, ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. "సయించడం లేదమ్మా" అన్నారు. అప్పుడర్థమైంది.

ఆ గొంతుని దాని పూర్తి వైభవంతో నేను విన్నది మా ఆడపడుచు పెళ్ళిలో. విశాఖ వైపు నుంచి చుట్టాలు ప్రైవేటు బస్సులో వచ్చి పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర దిగుతారు, వాళ్ళని తీసుకురావాలి. మామయ్య అద్దె వ్యాన్ వేసుకుని బయల్దేరారు. "దిగాక ఫోన్ చేసి, పేర్లు కనుక్కుని ఎక్కించు నాన్నా" అన్నాడు మా ఆయన. "చుట్టాల్ని పట్టుకుని మీరెవరని అడుగుతారంట్రా? అదేం మర్యాద?" అని కసిరి వెళ్ళారు.

వ్యాను నిండా జనాన్ని తెచ్చారు. వాళ్ళు మొహాలు కడుక్కున్నారు, కాఫీలు తాగారు, ఇడ్లీలు తిన్నారు, చట్నీ బాగుందన్నారు. అత్తయ్య వాళ్ళని మామయ్య తరఫు వాళ్ళనుకుంది. మామయ్య అత్తయ్య తరఫనుకున్నారు. నేను కొత్తకోడల్ని, నాకు అందరూ ఒకటే. రెండో కాఫీ అయ్యాక వాళ్ళలో ఒక పెద్దాయన సంకోచంగా అడిగాడు. "ఇంతకీ అండీ, పెళ్ళి మంగళగిరిలో కదా, మమ్మల్ని అక్కడికి ఎప్పుడు తీసుకెళతారు?"

వాళ్ళు వేరే పెళ్ళివాళ్ళు. ఎవరో పెద్దమనిషి నవ్వుతూ ఎదురొచ్చి, "రండి రండి, ప్రయాణం బాగా జరిగిందా" అని సంచులు లాక్కుని ఎక్కిస్తుంటే, పెళ్ళివారి మనిషిని పట్టుకుని మీరెవరని ఎలా అడుగుతామని వాళ్ళూ ఊరుకున్నారు. మా చుట్టాలేమో బెంజ్ సర్కిల్‌లో పెట్టెల మీద కూర్చుని మామయ్యకి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఆ ఫోన్ మా ఇంట్లో వంకీకి తగిలించిన చొక్కా జేబులో మోగుతోంది. పికప్ అనే మాటని అన్నిటికీ వాడిన మనిషికి ఫోన్ పికప్ చెయ్యడం మాత్రం చేతకాలేదు.

అత్తయ్య మొదలుపెట్టింది. వరస మొత్తం పూర్తయి, మళ్ళీ మొదటికొచ్చి, ఇంకోసారి పూర్తయింది. లేవబోయిన ఆ మంగళగిరి పెళ్ళివాళ్ళు కూడా మళ్ళీ కూర్చుని విన్నారు. మామయ్య స్తంభానికి ఆనుకుని తన్మయంగా వింటున్నారు. మధ్యలో ఒకసారి నా చెవి దగ్గరకి వంగి, "ఇవాళ మంచి పికప్‌లో ఉంది" అన్నారు.

ఆ గొంతు కిందటేడాది ఆగిపోయింది. పొద్దున పాలు కాస్తూ ఉండగా అత్తయ్య కుడిచెయ్యి జారిపోయింది, మూతి వంకర తిరిగింది. పక్షవాతం. ఆసుపత్రికి వేగంగానే చేర్చాం. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ ఏదో అనబోయి నోరు తెరిస్తే మాట రాలేదు. మామయ్య ఆవిడ మంచం పక్కన, మొదటిసారి, ఏం చెయ్యాలో తెలియని మనిషిలా కూర్చున్నారు.

కొన్నాళ్ళకి డాక్టరు రౌండ్స్‌కి వచ్చి, "బాగానే ఉన్నారు, రేపట్నుంచి పికప్ అవుతారు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మామయ్య చేపల వ్యాన్ శుభ్రంగా కడిగించి, వెనక కొత్త చాప పరిచి, దిండు వేసి, మల్లెపూలు కొనుక్కుని ఆసుపత్రి గుమ్మంలో దిగారు. "ఎవరు రమ్మన్నారండీ?" అని నర్సు గద్దించింది. "డాక్టరుగారే అన్నారుగా అమ్మా, ఇవాళ పికప్ అని." లోకంలో ప్రతిదానికీ ఆ మాట వాడిన మనిషి, ఆ ఒక్కరోజు మాత్రం దానికి ఒకే అర్థం విన్నారు, ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చని. నర్సు తిట్టింది. ఆ తిట్టుకి ఆయన మొహంలో ఏ సంతోషమూ కనపడలేదు. పూలు ఆ నర్సుకే ఇచ్చేసి వచ్చారు.

తర్వాత నిజంగానే ఇంటికి తెచ్చుకున్నాం. మామయ్య వ్యాపారం నుంచి రాగానే అలవాటుగా గుమ్మంలో స్తంభానికి ఆనుకునేవారు. లోపల్నుంచి ఏమీ వినపడేది కాదు. కాసేపు అలాగే నిలబడి, తర్వాత ఎవరో పరాయి ఇంటికి వచ్చినట్టు మెల్లిగా లోపలికి వచ్చేవారు. చిక్కిపోయారు.

మాట నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. బొమ్మల అట్టలు చూపించి, "ఇదేంటండీ? క... క... కప్పు" అనేది. అత్తయ్య మొహం తిప్పేసుకునేది. ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ మామయ్యతో అంది. "కంగారు పడకండి. బాగా అలవాటైన మాటలు ముందు వస్తాయండీ. దేవుడి పేర్లు, పాటలు, కొంతమందికైతే తిట్లు."

"తిట్లా?" అన్నారు మామయ్య. అన్ని రోజుల తర్వాత ఆయన మణికట్టు ఒక్క మెలిక తిరిగింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో అరాచకం మొదలైంది. చెప్పులతో వంటింట్లోకి నడిచారు. బిందెకి నోరు పెట్టి తాగారు. తడి తువ్వాలు తెచ్చి సరిగ్గా అత్తయ్య కళ్ళముందు దేవుడి పటం మేకుకి తగిలించారు. ఆవిడ కంచంలో పిల్లికి పెరుగన్నం పెట్టారు. ఇవేవీ పనిచేయకపోతే ఆవిడ ఎదురుగా కూర్చుని, "నువ్వేమన్నా అనుకో, పులుసు మాత్రం నీ తోడికోడలు పెట్టినట్టు నువ్వు పెట్టలేవే" అన్నారు. అత్తయ్య పెదాలు వణికాయి. మాట రాలేదు గానీ చూసిన చూపుకి నేనే రెండడుగులు వెనక్కి వేశాను. "కళ్ళు పికప్ అయినయ్యి" అని మామయ్య వంటింట్లోకి వచ్చి నాకు రిపోర్టు ఇచ్చారు.

"బీపీ పెరిగిపోద్ది మామయ్యా, డాక్టరు ఆవిడకి కోపం తెప్పించొద్దన్నాడు" అన్నాను.

"ప్రేమగా మాట్లాడితే అది ఏనాడూ బదులివ్వలేదమ్మా. నాకు తెలిసింది ఇదొక్కటే దారి. అది నన్ను తిట్టకుండా ఇలాగే ఉండిపోతే నేనేమైపోవాలి చెప్పు" అన్నారు.

మిగిలింది శనివారం. చేపల వ్యాపారుల ఇల్లే గానీ, శనివారం చేప మా గడప దాటదు. అది వెంకన్నబాబుకి అత్తయ్య మొక్కు. ఆ రోజు మామయ్య వీధి కుళాయి దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి రావాలి. వాళ్ళ కాపురంలో ఆయన అన్నీ తప్పారు గానీ ఇది మాత్రం తప్పలేదు. ఆ శనివారం ఆయన బకెట్‌తో నేరుగా ఇంట్లోకి వచ్చేశారు. బకెట్‌లో బతికున్న కొర్రమీను.

"వద్దు మామయ్యా, ఇది మాత్రం వద్దు" అని నేను అడ్డం వెళ్ళాను. ఆయన నన్ను పక్కకి తప్పించారు. "దేవుడితో నేను మాట్లాడుకుంటాలే" అని, బకెట్ తీసుకెళ్ళి అత్తయ్య కుర్చీ ముందు పెట్టారు. "ఏమే, ఇవాళ పులుసు పెట్టిస్తన్నా. తింటావా?"

అత్తయ్య బకెట్‌లోకి చూసింది. ఆయన్ని చూసింది. ఈలోగా కొర్రమీను ఎగిరి నేల మీద పడింది. మామయ్య దాని మీద పడ్డారు. అది జారింది. ఆయన జారారు. అది దేవుడి మూల వైపు పోతుంటే నేను చీపురు అడ్డం పెట్టాను, అది తిరిగి మంచం కిందకి దూరింది. ఆయన కూడా బోర్లా పడుకుని మంచం కిందకి దూరారు. కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి.

"శ... శ..." అని వినపడింది వెనక నుంచి. తిరిగి చూస్తే అత్తయ్య మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "శ... శనారం!"

మామయ్య కాళ్ళు కదలడం ఆగిపోయింది. ఎంతకీ కదలడం లేదు. తల తగిలిందేమోనని వంగి చూశాను. "మామయ్యా! దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా." గొంతు తడిగా ఉంది. "ఇంకోసారి అనమను."

"లె... లెగు" అంది అత్తయ్య. కాస్త ఊపిరి తీసుకుని, "బుద్ధి..." అని అక్కడ ఆగిపోయింది.

"మిగతాది నేను వేసుకుంటాలే" అన్నారు మంచం కింద నుంచి. చేపని గుండెకి హత్తుకుని బయటికి వచ్చారు, చొక్కా అంతా తడి, మొహమంతా తడి. స్నానాల గదిలోంచి మా ఆయన తాపీగా వచ్చి "ఏమైంది?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. మామయ్య ఆ కొర్రమీనుని బకెట్‌లో వేసుకుని, కృష్ణ ఒడ్డుకి నడిచి వెళ్ళి నీళ్ళలో వదిలేసి వచ్చారు. బతుకంతా చేపలు అమ్మిన మనిషి, చేపని వదిలిపెట్టడం అదే మొదటిసారట.

పై శనివారం మళ్ళీ బకెట్‌తో గుమ్మంలో ఉన్నారు. "మాట వచ్చేసిందిగా మామయ్యా" అన్నాను. "ఇప్పుడిప్పుడే పికప్ అందుకుంది, వదిలేస్తే ఆగిపోద్దమ్మా" అని నన్ను దాటుకుని వెళ్ళారు. ఆ వారం "ఛీ" వచ్చింది, ఆ తర్వాత "నీ మొహం" వచ్చింది. ఆయన చెల్లెళ్ళ పేర్లు వచ్చిన రోజు వీధిలో అందరికీ మిఠాయి పంచారు. మాట నేర్పే అమ్మాయి ఆ తిట్లన్నీ విని సిగ్గుపడి, "నిజంగా బాగా పికప్ అవుతున్నారు" అంటే, మామయ్య మొహం పదవి వచ్చినట్టు వెలిగిపోయింది. చివరి మాట మాత్రం చాలా రోజులు రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన స్తంభానికి ఆనుకుని ఉండగా, లోపల్నుంచి ముక్కలు ముక్కలుగా, "రా... తిని... తగలడు" అని వినపడింది. ఆ పూట ఆయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. వంటింట్లో నాకు ఏడుపాగలేదు.

శ్రావణంలో ఆయన పోయారు. జబ్బూ లేదు, మంచమూ లేదు. కొల్లేరు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని కాఫీ అడిగారు. నేను కాఫీ తెచ్చేలోపు అయిపోయింది. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, తండ్రి చెయ్యి పట్టుకుని, చాలాసేపటికి, "అంత తొందరేంటి నాన్నా" అన్నాడు.

పెద్దకర్మ రోజున ఇంటి నిండా జనం. అత్తయ్య కూర్చున్న చోటునుంచే వంటవాళ్ళకి పనులు పురమాయిస్తోంది, తడబాటు లేకుండా. ఆవిడ తోడికోడలు పక్కకి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, మాట పూర్తిగా వచ్చేసిందే! మునపటిలాగే ఉంది."

అత్తయ్య గుమ్మం వైపు చూసింది. "వచ్చి ఏం చేసుకోనే? తిట్టించుకునే మనిషి ఉండొద్దా?"